జీడిపప్పు తూకం, తేమ, బద్ద: చిన్న యూనిట్‌లో కంట్రోల్ చార్ట్ నడిపే పద్ధతి

పర్లాకిమిడిలోని మా జీడిపప్పు ప్యాకింగ్ బల్ల దగ్గర కాసేపు నిలబడి చూస్తే, 250 గ్రాముల ప్యాకెట్ ఏదీ సరిగ్గా 250 గ్రాములు తూగదని తెలుస్తుంది. ఒకటి 250.4 వస్తుంది, పక్కది 252.0, ఆ తర్వాతది 250.8. ఈ తేడా కనబడిన ప్రతిసారీ కంగారుపడి ఏదో ఒకటి సర్దడం ఒక తప్పు. తేడాలు ఎప్పుడూ ఉండేవే కదా అని అసలు పట్టించుకోకపోవడం రెండో తప్పు. ఏ తేడాను వదిలేయాలో, ఏ తేడా దగ్గర పని ఆపి కారణం వెతకాలో చెప్పడానికే కంట్రోల్ చార్ట్ ఉంది. ఇది ఒక గ్రాఫ్: తూచిన నమూనాల అంకెలను వేళ వరుసలో చుక్కలుగా పెడతాం, సగటు దగ్గర మధ్య గీత, దానికి పైనా కిందా హద్దు గీతలు ఉంటాయి. దీనికి కంప్యూటర్ తప్పనిసరి కాదు. గళ్ల కాగితం, పెన్సిలు, నమ్మకమైన కాటా, కూడికలు తీసివేతలు వచ్చిన మనిషి ఉంటే సరిపోతుంది.

ఈ పద్ధతికి మూలపురుషుడు వాల్టర్ షూహార్ట్. అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ 1924 మే 16న ఆయన తన పై అధికారికి పంపిన చిన్న పత్రంలో మొదటి కంట్రోల్ చార్ట్ ఉంది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆహ్వానంపై ఆయన 1947-48లో మన దేశానికి కూడా వచ్చారు. ఆయన చెప్పిన మూలసూత్రం ఒక్కటే. ఏ పనిలోనైనా తేడాలు రెండు రకాలుగా పుడతాయి. పని జరిగే తీరులోనే ఇమిడి ఉండి, ఎప్పుడూ ఒకే మోతాదులో కనబడేవి సహజ కారణాల వల్ల వచ్చే తేడాలు. కాటా చెడిపోవడం, సరుకు మారడం, కొత్త మనిషి చేరడం వంటి వాటి వల్ల వచ్చేవి ప్రత్యేక కారణాల తేడాలు. మొదటి రకాన్ని తగ్గించాలంటే పని పద్ధతినే మార్చాలి, అది యజమాని చేతిలో ఉంటుంది. రెండో రకాన్ని అప్పటికప్పుడు బల్ల దగ్గరే పట్టుకోవాలి.

సహజమైన తేడా ఎంత ఉంటుందో జీడిపప్పులో కళ్లతోనే చూడవచ్చు. డబ్ల్యూ 320 రకం అంటే ఒక పౌనుకు, అంటే 453.6 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు (విరగని పూర్తి పప్పులు) తూగే పప్పు. లెక్క వేస్తే ఒక్కో గుండు బరువు 1.42 నుంచి 1.51 గ్రాముల మధ్య ఉంటుంది. చేత్తో నింపే మనిషి చివర్లో ఒక గుండు వేస్తే తూకం ఒక్కసారిగా దాదాపు గ్రామున్నర పెరుగుతుంది, తీస్తే అంతే తగ్గుతుంది. ఎంత నేర్పరి అయినా గుండును పగలగొట్టకుండా ఆ మెట్టు కంటే సన్నగా తూచలేరు. పౌనుకు 170 నుంచి 180 తూగే డబ్ల్యూ 180 రకంలో ఈ మెట్టు రెండున్నర గ్రాములు దాటుతుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ముందు వచ్చే నిర్ణయాల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

మొదటి మెట్టు: కాటాను సరిచూడటం

కొలత నమ్మదగినది కాకపోతే చార్ట్ మీద కనబడేది కాటా తేడాయే కానీ పని తేడా కాదు. రోజూ పని మొదలుపెట్టే ముందు ముద్ర వేసిన 200 గ్రాముల, 50 గ్రాముల తూనికరాళ్లను కలిపి కాటా మీద పెట్టి, వచ్చిన అంకెను చార్ట్ పైభాగంలో రాసుకోవాలి. కాటా 0.1 గ్రాము వరకు చూపాలి. ఒక గ్రాము చొప్పున మాత్రమే చూపే కాటాతో ఈ పని సాగదు. మా దగ్గర ఒక నమూనాలోని ప్యాకెట్ల మధ్య తేడా సగటున రెండు గ్రాముల లోపే ఉంటుంది. అలాంటి చోట గ్రాము కాటా పెడితే 0, 1, 2, 3 తప్ప మరో అంకె రాదు, పని బాగుపడినా పాడైనా చార్ట్‌కు తెలియదు. కాటాపైన తిరిగే ఫ్యాను కూడా అంకెను కదిలిస్తుంది. తూచే బల్లను గాలి తగలని మూలకు జరపడం ఖర్చు లేని పని, దాన్ని మొదటే చేయండి.

రెండో మెట్టు: నమూనా ఎలా తీయాలి

నా దృష్టిలో కంట్రోల్ చార్ట్ అంతటికీ ఆయువుపట్టు ఇదే. సూత్రాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నమూనాలో ఏయే ప్యాకెట్లు కలపాలన్నది మాత్రం పని తెలిసిన మనిషే నిర్ణయించాలి. నియమం ఇది: ఒక నమూనాలోని ప్యాకెట్లు వీలైనంతవరకు ఒకే పరిస్థితిలో తయారైనవై ఉండాలి. ఒకే బల్ల, ఒకే మనిషి, ఒకే రకం పప్పు, వెంటవెంటనే నిండిన ఐదు ప్యాకెట్లు. అప్పుడు ఆ ఐదింటి మధ్య కనబడే తేడా సహజ కారణాలది మాత్రమే అవుతుంది. అరగంట తర్వాత అదే బల్ల దగ్గర మరో ఐదు తీస్తాం. ఈ అరగంటలో ఏదైనా మారి ఉంటే, ఆ మార్పు రెండు నమూనాల సగటుల మధ్య తేడాగా బయటపడుతుంది.

దీన్ని నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదట్లో న్యాయంగా ఉంటుందనుకుని, ఐదు బల్లల నుంచి ఒక్కో ప్యాకెట్ చొప్పున తీసి, ఆ ఐదింటిని ఒక నమూనాగా లెక్కించాను. చార్ట్ చూడముచ్చటగా వచ్చింది. రెండు వారాల పాటు ఒక్క చుక్క కూడా గీత దాటలేదు, అన్నీ మధ్య గీతను అంటిపెట్టుకుని సాగాయి. అంత చక్కగా రావడమే అనుమానించవలసిన లక్షణమని అప్పుడు నాకు తెలియదు. బల్లల మధ్య ఉన్న తేడా అంతా నమూనా లోపలే చేరిపోయి, ఆ తేడాతో లెక్కించిన గీతలు ఎంతో వెడల్పుగా వచ్చాయి. బల్లకొక చార్ట్ వేశాక మూడో బల్ల ప్యాకెట్లు ఎప్పుడూ దాదాపు రెండు గ్రాములు ఎక్కువ తూగుతున్నట్టు తేలింది. కారణం చిన్నది. పాత మందపాటి కవరు బరువు 6 గ్రాములు ఆ బల్ల కాటాలో అలాగే ఉండిపోయింది, కొత్త కవరు బరువు 4.2 గ్రాములే. ఆ బల్ల దగ్గర ప్రతి ప్యాకెట్‌లోకీ 1.8 గ్రాముల పప్పు ఊరికే పోయింది. నింపిన అమ్మాయి తప్పు ఇసుమంతైనా లేదు.

కాబట్టి బల్లకొక చార్ట్, పప్పు రకానికొక చార్ట్ ఉండాలి. డబ్ల్యూ 180, డబ్ల్యూ 320 రెండింటినీ ఒకే చార్ట్‌లో వేస్తే, మెట్టు పెద్దదైన రకం వెడల్పు చేసిన గీతల మధ్య చిన్న రకంలోని లోపాలు దాక్కుంటాయి.

మూడో మెట్టు: తాకకుండా 25 నమూనాలు

మొదట 25 నమూనాలు, అంటే 125 ప్యాకెట్లు తూచి రాసుకోవాలి. ఈ కాలంలో పని రోజూ ఎలా సాగుతుందో అలాగే సాగనివ్వాలి. ఎవరికీ కొత్త హెచ్చరికలు చేయకూడదు, అంకెలు చూసి మనుషులను మార్చకూడదు. రెండు మూడు రోజుల మీద తీస్తే పొద్దుటి పని, సాయంత్రం పని, బస్తా మారిన వేళ అన్నీ అందులోకి వస్తాయి. ప్రతి నమూనా పక్కన సమయం, మనిషి, లాటు నంబరు రాయాలి. "కరెంటు పోయి వచ్చింది", "కాటా మార్చాం", "కవరు కట్ట మారింది" వంటి చిన్న మాటలు కూడా అక్కడే రాయాలి. వారం తర్వాత కారణం వెతికేటప్పుడు ఆ మాటలే దారి చూపుతాయి.

మా ఊళ్లో తెలుగు, ఒడియా రెండూ పనిలో వినిపిస్తాయి కనుక చార్ట్ మీది మాటలు రెండు లిపుల్లోనూ ఉంచాము. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. బల్ల దగ్గర కూర్చున్న మనిషి రోజూ అనే మాటల్లోనే చార్ట్ ఉండాలన్నది నాకు పట్టింపు. "సగటు", "తేడా", "పై గీత", "కింది గీత" అని రాస్తే ఎవరూ బెదరరు.

నాలుగో మెట్టు: గీతల లెక్క

ఒక నమూనా చూద్దాం. ఐదు ప్యాకెట్లు 251.2, 250.4, 252.0, 250.8, 251.6 గ్రాములు తూగాయి. మొత్తం 1256.0, ఐదుతో భాగిస్తే సగటు 251.2. అన్నిటికంటే ఎక్కువైన 252.0 నుంచి అన్నిటికంటే తక్కువైన 250.4 తీసివేస్తే తేడా 1.6. ఇలా 25 నమూనాలకూ సగటు, తేడా కట్టాక, ఆ సగటులన్నిటి సగటు 251.3 అనీ, తేడాల సగటు 1.8 అనీ వచ్చాయనుకుందాం.

నమూనాలో ఐదు ప్యాకెట్లు ఉన్నప్పుడు వాడే స్థిరాంకాలు మూడు: ఏ2 విలువ 0.577, డీ4 విలువ 2.114, డీ2 విలువ 2.326. సగటుల చార్ట్‌కు పై గీత 251.3 + 0.577 × 1.8, అంటే 252.34. కింది గీత 251.3 – 0.577 × 1.8, అంటే 250.26. తేడాల చార్ట్‌కు పై గీత 2.114 × 1.8, అంటే 3.81. ఐదు ప్యాకెట్ల నమూనాకు దీని కింది గీత సున్నా. ప్యాకెట్లు నాలుగే తీసేవారికి ఏ2 0.729, డీ4 2.282, డీ2 2.059 అవుతాయి. స్థిరాంకాలను నమూనా పరిమాణంతో సరిపోల్చకుండా వాడటం నేను తరచుగా చూసే పొరపాటు.

ఈ గీతలు మధ్య గీతకు అటూ ఇటూ మూడు సిగ్మాల దూరంలో ఉంటాయి. అంకెలు సహజంగా సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలతే సిగ్మా. అంత దూరం పెట్టడానికి కారణం ఉంది. పనిలో ఏ మార్పూ లేకపోయినా చుక్క గీత దాటే అవకాశం సుమారు 370కి ఒకసారి మాత్రమే. ఇంకా దగ్గరగా గీస్తే అకారణంగా పని ఆపడం ఎక్కువవుతుంది, ఇంకా దూరంగా గీస్తే నిజమైన లోపం ఆలస్యంగా తెలుస్తుంది.

గీసేటప్పుడు తేడాల చార్ట్‌ను ముందు చూడాలి. అది అదుపులో లేకపోతే 1.8 అన్న అంకెకే అర్థం లేదు, దాని మీద కట్టిన సగటుల గీతలకూ అర్థం ఉండదు. మొదటి 25లో ఏదైనా చుక్క గీత దాటితే, పక్కన రాసిన మాటలు చూసి కారణం దొరికి, ఆ కారణం మళ్లీ రాకుండా చేయగలిగినప్పుడే ఆ నమూనాను తీసేసి గీతలను తిరిగి లెక్కించాలి. కారణం దొరకని చుక్కను అందం కోసం తీసేయకూడదు.

ఐదో మెట్టు: చుక్కలను చదవడం

ఇక ప్రతి అరగంటకూ ఐదు ప్యాకెట్లు తూచి చుక్క పెడతారు. ఒక్క చుక్క గీత దాటినా అది సంకేతమే. గీత దాటకపోయినా సంకేతాలు ఉంటాయి: వరుసగా 8 చుక్కలు మధ్య గీతకు ఒకే పక్కన పడటం, వరుసగా 6 చుక్కలు ఎక్కుతూనో దిగుతూనో పోవడం, వెంటవెంటనే వచ్చిన 3 చుక్కల్లో 2 ఒకే పక్కన రెండు సిగ్మాలు దాటి పడటం, 15 చుక్కలు మధ్య గీతకు ఒక సిగ్మా లోపలే గుమిగూడటం. చివరిది మా ఐదు బల్లల కథలో జరిగినదే. ఇంకా ఎన్నో నియమాలు చెబుతారు కానీ అన్నీ ఒకేసారి పెట్టుకుంటే తప్పుడు అలారాలు పెరిగి జనం చార్ట్‌నే నమ్మడం మానేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవారికి గీత దాటడం, వరుస 8 చుక్కలు అనే రెండు నియమాలు చాలు.

వరుస నియమం ఎందుకు కావాలంటే, చిన్న మార్పులు గీతను వెంటనే దాటవు. ప్యాకెట్ల సగటు ఒక సిగ్మా (చార్ట్ మీది సగటులది కాదు, ఒక్కో ప్యాకెట్ తూకానిది) మేర జరిగితే, ఐదు ప్యాకెట్ల నమూనాతో ఒక్కో చుక్కకు దాన్ని పట్టే అవకాశం సుమారు 22 శాతం. అంటే సగటున నాలుగైదు నమూనాలు, మా లెక్కలో రెండు గంటలకు పైగా పడుతుంది. ఒకటిన్నర సిగ్మా జరిగితే అదే అవకాశం 64 శాతానికి చేరుతుంది.

ఆరో మెట్టు: సంకేతం వచ్చినప్పుడు

సంకేతం వచ్చాక ఎవరిని అడగాలన్నది కాక, ఏది ముందు చూడాలన్నది ముందే రాసి బల్ల పక్కన అతికించి ఉండాలి. మా వరుస ఇది. ముందు కూడిక సరిగ్గా ఉందా, చుక్క సరైన చోట పడిందా చూస్తాం. తర్వాత తూనికరాయితో కాటా చూస్తాం. ఆపైన కవరు బరువు కాటాలో సరిగ్గా తీసివేసి ఉందా అన్నది. అవన్నీ సరిగ్గా ఉంటే పప్పు రకం మారిందా, మనిషి మారారా, గుండ్లలో ముక్కలు కలిశాయా అని వెతుకుతాం. కిందటి మంచి చుక్క తర్వాత నిండిన పెట్టెలన్నీ పక్కన పెట్టి తిరిగి తూస్తాం. కారణం, చేసిన పని రెండూ చార్ట్ మీదనే రాస్తాం.

సంకేతం లేనప్పుడు ఏమీ చేయకుండా ఉండటం అంతకంటే కష్టం. 252.0 వచ్చిన ప్యాకెట్ చూసి సూపర్‌వైజరు "తగ్గించండి" అంటారు. తర్వాత 249.9 వస్తే "పెంచండి" అంటారు. వచ్చిన ప్రతి తేడాకూ అంతే మోతాదులో లక్ష్యాన్ని వెనక్కు సర్దుతూ పోతే, తేడాల వర్గ సగటు రెండింతలై, సిగ్మా దాదాపు 41 శాతం పెరుగుతుంది. మంచి చేద్దామని చేసిన పనే చెడుపు చేస్తుంది. అయితే మనిషి తన ముందున్న ప్యాకెట్‌లో ఒక గుండు వేయడం, తీయడం ఈ సర్దుబాటు కిందికి రాదు. అది నింపే పనిలో భాగమే.

గీతలు వేరు, చట్టం పెట్టిన హద్దు వేరు

కంట్రోల్ గీతలను ప్యాకెట్ మీది హద్దులతో కలపకూడదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం 250 గ్రాముల ప్యాకెట్‌లో గరిష్ఠంగా అనుమతించే లోటు 9 గ్రాములు. ఇది కొనేవారికి ఇచ్చిన రక్షణ, మన పని లక్ష్యం కాదు. ఈ హద్దును చార్ట్ మీద గీయవద్దు. హద్దు ఒక్కో ప్యాకెట్‌కు వర్తిస్తుంది, చార్ట్ మీద ఉన్నది ఐదింటి సగటు. ఒక్కో ప్యాకెట్ ఎంత వెడల్పులో తిరుగుతుందో తెలియాలంటే సిగ్మా కట్టాలి: 1.8 ÷ 2.326 = 0.77 గ్రాములు. దానికి మూడింతలు అటూ ఇటూ తీసుకుంటే ప్యాకెట్లు సుమారు 249.0 నుంచి 253.6 వరకు తిరుగుతాయి.

ఇక్కడ యజమానికి పనికొచ్చే విషయం ఉంది. సగటు 251.3 అంటే ప్యాకెట్‌కు 1.3 గ్రాముల పప్పు అదనంగా పోతోంది. రోజుకు 2,000 ప్యాకెట్లు నింపే చోట అది 2.6 కిలోలు. అలాగని "250 దగ్గర ఆపండి" అని కేకలేస్తే సగం ప్యాకెట్లు లోటు పడతాయి. ముందు తేడాను తగ్గించాలి, తర్వాత సగటును దించాలి. మేము పద్ధతిలో ఒకే మార్పు చేశాము. తూకం 251.5 దాటితే ఒక గుండు తీయాలి, 250 కంటే తగ్గితే ఒక గుండు వేయాలి. గుండు మెట్టు గ్రామున్నర కనుక ఈ రెండు హద్దుల మధ్యకు ఏ ప్యాకెట్‌నైనా తేవచ్చు. అలా నింపితే సగటు 250.7 చుట్టుపక్కలకు వస్తుంది, రోజుకు కిలోకు పైగా పప్పు మిగులుతుంది, లోటు ప్యాకెట్ కూడా ఉండదు. ఎవరినీ మందలించలేదు. ఇలాంటి మార్పు తర్వాత పాత గీతలు చెల్లవు, మళ్లీ 25 నమూనాలు తీసి కొత్త గీతలు గీయాలి.

తేమకు వేరే చార్ట్

బోర్మాలో, అంటే పప్పును వేడితో ఆరబెట్టే గదిలో, ఎండి, పొట్టు తీసిన పప్పులో తేమ 5 శాతం మించకూడదు. మరీ ఎండితే గుండు చేతిలోనే బద్దలవుతుంది. లాటుకు ఒక్కసారే తేమ చూస్తాం కనుక ఇక్కడ ఐదింటి నమూనా కుదరదు. ఒక్కో విలువనే చుక్కగా పెట్టి, పక్కపక్క విలువల మధ్య తేడాను వేరుగా గీయాలి. ఈ రకం చార్ట్‌కు వాడే స్థిరాంకాలు 2.66, 3.267. సగటు తేమ 4.2, పక్కపక్క తేడాల సగటు 0.25 అయితే, 2.66 × 0.25 = 0.665. కాబట్టి పై గీత 4.87, కింది గీత 3.53. తేడాల పై గీత 3.267 × 0.25, అంటే 0.82.

ఈ పని అదుపులో ఉందని తేలాకే దాని సామర్థ్యం కట్టాలి. 5 శాతం హద్దుకూ సగటుకూ మధ్య దూరం 0.8. దాన్ని 0.665తో భాగిస్తే 1.20. దీన్నే సీపీకే అంటారు. సాధారణంగా కనీసం 1.33 ఉండాలని కోరతారు కనుక ఇది అదుపులో ఉన్నా ఇంకా మెరుగుపడవలసిన పని. వానలు పట్టాక మా తేమ చార్ట్‌లో వరుసగా 8 చుక్కలు పైన పడ్డాయి, ఒక్కటీ గీత దాటలేదు. బోర్మాను అనుమానించాం కానీ కారణం అక్కడ లేదు. పొట్టు తీసిన పప్పు మూతలేని బేసిన్లలో మధ్యాహ్నం దాకా ఆగి చెమ్మ పీల్చింది. మూతలు వేశాక చుక్కలు కిందికి వచ్చాయి.

బద్దల శాతం

లెక్కపెట్టే లోపాలకు పీ చార్ట్ వాడతారు. లాటుకు 200 పప్పులు తీసి, వాటిలో బద్దలు, ముక్కలు ఎన్నో లెక్కించాలి. సగటు 12 శాతం అయితే 0.12 × 0.88 ÷ 200 విలువకు వర్గమూలం 0.023. దానికి మూడింతలు కలిపితే పై గీత 18.9 శాతం, తీసివేస్తే కింది గీత 5.1 శాతం. 50 పప్పులే తీస్తే కింది గీత సున్నా కంటే దిగిపోతుంది, అప్పుడు పని బాగుపడిన సంగతి చార్ట్ చెప్పలేదు. కింది గీత దాటిన చుక్కను పండుగ చేసుకుని వదిలేయకండి. లెక్కపెట్టడంలో పొరపాటైనా ఉండాలి, లేదా ఆ లాటులో ఉడకబెట్టిన సమయమో, ఆరబెట్టిన తీరో నిజంగా మేలైనదై ఉండాలి. రెండోదైతే ఆ లాటు వివరాలు అప్పుడే రాసిపెట్టి, తర్వాతి లాటును అచ్చంగా అలాగే నడిపి చూడాలి.

గీతలను నెలనెలా అలవాటుగా మార్చవద్దు. కాటా, కవరు, పప్పు రకం, నింపే పద్ధతి, బోర్మా వీటిలో ఏదైనా తెలిసి మార్చినప్పుడు, మార్పు నిలిచిందని కనీసం ఒక వారం చుక్కలు చూపినప్పుడు మాత్రమే తిరిగి లెక్కించాలి. పాత చార్టులను తేదీల వారీగా ఒక ఫైలులో కట్టి ఉంచండి. మాకు వానాకాలపు తేమ కారణం దొరికింది కిందటి ఏడాది చార్ట్ అంచున పెన్సిలుతో రాసిన "బేసిన్లకు మూత లేదు" అన్న మాట వల్లనే.